మా ఫారిన్ ప్రైవేటు లైసెన్సు

ఆ రోజుల్లో మా హోసూరులో ‘ప్రైవేటు’ అన్న మాటకు ఉన్నంత చెడ్డపేరు ఇంకే ఇంగ్లీషు మాటకూ ఉండేది కాదు. గవర్నమెంటు అంటే గట్టిది, ప్రైవేటు అంటే ఏదో దొడ్డిదారిన వచ్చింది అని అందరి నమ్మకం. గవర్నమెంటు బస్సు ఆలస్యంగా వస్తే ‘పాపం, ఎక్కడో ఆగిపోయింటాది’ అనేవాళ్ళు. ప్రైవేటు బస్సు వేళకు వస్తే ‘ప్యాసింజర్లను వదిలేసి వచ్చింటాడు’ అనేవాళ్ళు. బడికి పోయి తప్పినవాడికైనా కాస్త మర్యాద ఉండేది కానీ, ఇంట్లో చదువుకుని పరీక్షకు కట్టి పాసైనవాడిని ‘ప్రైవేటుగా కట్టినాడంట’ అని గొంతు తగ్గించి చెప్పుకొనేవాళ్ళు. నేను ఎస్సెల్సీ ప్రైవేటుగానే కట్టాను. మా నాన్న పోయాక బడి మానేసి, కృష్ణగిరిలో మా మేనమామ చింతపండు మండీలో తూకాలు చూస్తూ, మూటల మధ్య కూర్చుని ఆల్జీబ్రా నాకు నేనే చెప్పుకున్నాను. (చెప్పేవాడూ వినేవాడూ నేనే కాబట్టి తరగతిలో అల్లరి ఉండేది కాదు. సందేహం వస్తే మాత్రం గురువూ శిష్యుడూ ఇద్దరూ కలిసి తెల్లమొహం వేసేవాళ్ళు.) మొదటిసారే, అదీ లెక్కల్లో మంచి మార్కులతో పాసయ్యాను. అయినా మా మామ ఎవరికైనా నన్ను చూపించేటప్పుడు, ‘పాసైనాడు, ప్రైవేటుగా’ అని ఆ చివరి మాట తప్పకుండా తగిలించేవాడు, చింతపండులో గింజ ఉందని ముందే చెప్పే నిజాయితీపరుడి లాగా.

నేను ఆ మాటకు తల వంచలేదు. ప్రైవేటుగా చదివినవాడికి ఒక గర్వం ఉంటుంది. తనకు వచ్చిందంతా తన సొంతం, ఏ అయ్యవారికీ అందులో వాటా లేదు. ఆ గర్వంతోనే బెంగుళూరు పోయి, అక్కడ ఒక ఫ్లయింగ్ క్లబ్బులో పెట్రోలు లెక్కలు చూసే పనిలో చేరాను. రెండంతస్తుల రెక్కలు, పైన కప్పు లేని సీట్లు, పసుపు రంగు ఒళ్ళు ఉన్న విమానాలు రెండు ఉండేవి అక్కడ. రోజూ వాటికి నేను పోయించిన పెట్రోలంతా ఎవరెవరో ఆకాశంలో ఖర్చు పెట్టి వస్తుంటే చూసి చూసి, ఓపిక నశించి, నేను కూడా నేర్చుకోవడం మొదలుపెట్టాను. క్లబ్బులో పనిచేసేవాళ్ళకు మిగిలిపోయిన వేళల్లో నేర్పేవాళ్ళు. మా గురువు పెద్ద మీసాల మనిషి, అందరూ మీసాల కెప్టెన్ అనేవారు. విమానం నడపడం కంటే దారి కనుక్కునే లెక్కలు నాకు తొందరగా పట్టుబడ్డాయి. ఎందుకంటే మండీలో నేను నేర్చింది వీసాల లెక్క. దేన్నైనా పదహారు వంతులు చేసి, ఒక్కో వంతును వీసం అనడం మా తూకాల పద్ధతి. గాలి పక్క నుంచి తోస్తుంటే విమానం ఎంత జరుగుతుందో చెప్పడానికి మా కెప్టెన్ గీతలు గీసి, కోణాలు కొలిచి చూపించేవాడు. నేను మాత్రం మనసులో ‘పదహారు మైళ్ళకు ఒక మైలు పక్కకు, అంటే వీసం’ అనుకొనేవాణ్ణి. జవాబులు చాలావరకు కలిసేవి. కలవనప్పుడు నేను కెప్టెన్ గీతను అనుమానించేవాణ్ణి.

అట్లా ఒకనాటికి లైసెన్సు చేతికి వచ్చింది. దాని పేరేమిటో మీరు ఊహించే ఉంటారు. ప్రైవేటు పైలట్ లైసెన్సు. హోసూరు బస్టాండు దగ్గర టీ అంగడాయన దాన్ని వెలుగుకు పట్టి చూసి, ‘ఏమప్పా, గాలిలో గూడా ప్రైవేటుగానే పాసైనావా?’ అన్నాడు. మా అమ్మ మాత్రం దాన్ని కళ్ళకద్దుకుని, ‘ప్రైవేటయితే ఏమిరా, నువ్వు కింద పడకుండా ఉంటే చాలు’ అంది. ఆ ఆశీర్వాదం నేటికీ ఫలిస్తూనే ఉంది.

అసలు చిక్కు కృష్ణగిరిలో మొదలైంది. ప్రైవేటు లైసెన్సుతో ఊరికే ఎగరవచ్చు కానీ జీతానికి ఎగరకూడదు. దానికి పై లైసెన్సు కావాలి. ఇంగ్లండులో ఒక శిక్షణ పాఠశాలకు రాస్తే వాళ్ళు జవాబిచ్చారు. విదేశీ ప్రైవేటు లైసెన్సు ఉన్నవాళ్ళు మొదటి అక్షరం నుంచి మళ్ళీ దిద్దనక్కరలేదట. అప్పటిదాకా ఎగిరిన గంటలను లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది మాత్రం అక్కడికి పోయాక తమ గురువు నా వెంట ఎగిరి చూసి తేలుస్తాడట. బయలుదేరే ముందు ఒంటరిగా ఊళ్ళు దాటి ఎగిరి వచ్చిన అనుభవం ఉండాలట. ఇవన్నీ నా చేతిలో పనులే. చేతిలో లేనిదల్లా ప్రయాణం. డెంకణికోట అవతల మా నాన్న వదిలిపోయిన చేను ఒకటి ఉండేది (రాగులు మేము విత్తేవాళ్ళం, కోత ఏనుగులు చూసుకునేవి). దాన్ని అమ్మితే తప్ప నేను ఓడ ఎక్కలేను. నాన్న పోయాక పట్టాలో నా పేరుతో పాటు మామ పేరూ చేరింది కాబట్టి, అమ్మాలంటే మామ సంతకం కావాలి.

మామ తిన్నె మీద కూర్చుని ఆకు వక్క నములుతూ అంతా విన్నాడు.

“ఏం లైసెన్సంటివి?”

“ప్రైవేటు లైసెన్సు మామా.”

“మళ్ళీ ప్రైవేటేనా?” అని ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. “ఇనురా అల్లుడా. మన మండీ లారీ తోలే డ్రైవరుండాడే, వాని చొక్కాకి ఇత్తళి బ్యాడ్జి ఉండాది. బాడిగ బండి తోలాలంటే బ్యాడ్జి ఉండాల. ప్రైవేటు లైసెన్సు సొంత కారు తోలేదానికి. నీకు సొంత విమానముండాదా?”

“లేదు.”

“నలుగురిని ఎక్కించుకోని బాడిగకు పోవచ్చునా?”

“పోకూడదు.”

“మరింక ఆ లైసెన్సు ఎందుకురా, గోడకు తగిలించేదానికా?”

మా కెప్టెన్ నెలల తరబడి నాకు బట్టీ పట్టించిన నియమాల సారాన్ని మామ మూడు ప్రశ్నల్లో తేల్చేశాడు. “ఆ బ్యాడ్జి కోసమే గదా మామా నేను సీమకు పోతానంటా ఉండేది,” అన్నాను.

“ఈడ దొరకదా బ్యాడ్జి?”

“దొరుకుతాది. కానీ ఉండేది రెండు విమానాలు, ఒకటి ఎప్పుడూ రిపేరే. నా వంతు వచ్చేదాన్ని బట్టి లెక్కేసినాను. బ్యాడ్జి వచ్చేటప్పటికి నాకు నలభై నాలుగేండ్లు.”

“మంచిదే గదా. అప్పటికి బుద్ధి గూడా వచ్చింటాది.”

లోపల నుంచి అత్త నవ్వు వినిపించింది. నాకు రోషం వచ్చింది. “మామా, నువ్వు ఇరవై ఏండ్ల నుంచి చింతపండు అమ్ముతా ఉండావు. చెట్టు ఎక్కి కాయ కోసినావా ఎప్పుడైనా? నేను ఎక్కినాను. ఎక్కినోని మాట ఎక్కనోడు ఇనాల,” అన్నాను. మా వంశంలో అప్పటిదాకా మామతో ఎవరూ అంత మాట అనలేదు. అత్త నవ్వు ఆగిపోయింది. మామ నమలడం ఆపాడు. తర్వాత ఎంతో నెమ్మదిగా, తూకం వేసినట్టు అన్నాడు:

“సరే. ఎక్కినానంటావు గదా. ఆ విమానాన్ని మన మామిడి తోపు మీదికి తీసుకోని రా. నా కండ్లతో నేను చూడాల. నా పంచె పరిచింటాది, తెల్లది. నా పంచె మీద తిరిగితే సంతకం పెడతా. తిరగకపోతే గమ్మున మండీకి రా. తక్కెడ నీకోసమే కాచుకోనుండాది.”

“మూడు చుట్లు తిరిగి, పోయేటప్పుడు రెక్కలు రెండుపక్కలా ఊపుతాను. అది నా గుర్తు,” అన్నాను. మామ చేయి చాచాడు, నేను తువ్వాలు కప్పి చేయి కలిపాను. మండీలో బేరాలు తువ్వాలు కిందే కుదురుతాయి. కుదిరాక మారవు.

ఎట్లాగూ ఒంటరిగా ఊళ్ళు దాటి ఎగరాలి కాబట్టి, బెంగుళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి, కోలారు మీదుగా మళ్ళీ బెంగుళూరు అని దారి గీసి మీసాల కెప్టెన్‌కు చూపించాను. ఆయన చూసి, “హోసూరు దాటాక మద్రాసు రోడ్డు ఉంది. దాన్ని ఎడమపక్క పెట్టుకుని పో. కుందారపల్లి వస్తుంది, తర్వాత కృష్ణగిరి కొండ. గుడ్డివాడు కూడా తప్పిపోడు,” అన్నాడు. సరే అన్నాను. కానీ పైకి లేచాక నా బుద్ధి మారింది. రోడ్డు చూసుకుంటూ పోవడానికి విమానం ఎందుకు, ఆ పని ప్రైవేటు బస్సు డ్రైవరు కూడా చేస్తాడు కదా! ఇన్నాళ్ళు సొంతంగా నేర్చిన విద్య ఉంది, వీసం లెక్క ఉంది. పడమటి గాలి కొడుతోంది. పదహారు మైళ్ళకు ఒక మైలు తూర్పుకు తోస్తుంది. కాబట్టి ముక్కును ఒక వీసం పడమటికి తిప్పి పెట్టుకుంటే గాలే నన్ను మోసుకెళ్ళి మామ తోపు మీద దించుతుంది. రోడ్డు వంక ఒక్కసారి కూడా చూడలేదు. (చూస్తే లెక్కకు అవమానం అని నా భావన.)

హోసూరు మీదుగా పోతున్నప్పుడు మా ఇంటి మిద్దె మీద ఒక చుక్క కనిపించింది. అమ్మే అయి ఉండాలి. తర్వాత ఎర్రటి చేలు, నల్లటి గుండ్లు, పచ్చటి మామిడి తోపులు. ఆ పక్క మామిడి తోపులు ఎన్నని! కింద నడిచేటప్పుడు ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో యజమాని, ఒక్కో తగాదా. పైనుంచి చూస్తే అన్నీ ఒకే కొత్తిమీర కట్ట. నాకు భయం వేయలేదు. నా లెక్క ప్రకారం కొండ ఎదురుగా రావాలి, వచ్చింది. లెక్క ప్రకారం తోపు ముక్కు కింద ఉండాలి, ఉంది. దాని పక్కన తెల్ల పంచె ఉండాలి. ఉంది. ఒకటి కాదు, ముప్పై నలభై ఉన్నాయి!

నా గుండె ఉప్పొంగిపోయింది. మామ తానొక్కడే పరచడం చాలదనుకుని, బంధువులందరినీ పిలిచి తలా ఒక పంచె పరిపించాడని అనుకున్నాను. నన్ను ప్రైవేటుగాడని అన్న నోళ్ళన్నీ ఇప్పుడు కింద తెరుచుకుని ఉంటాయని ఊహించుకుంటూ, ఎంతో నిండుగా, నూలు చుట్టినట్టు మూడు చుట్లు తిరిగాను. కింద మనుషులు అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. సంతోషం అనుకున్నాను. ఎవరో ఒక ముసలామె రెండు చేతులూ ఎత్తి నా వైపు ఊపింది. ఆశీర్వాదం అనుకుని నేనూ చేయి ఊపాను. రెక్కలు అటూ ఇటూ ఊపి, కోలారు వైపు తిరిగాను. ఆ పూట ఆకాశంలో నాకంటే తృప్తిగా ఉన్న ప్రాణి గద్దలతో సహా ఏదీ లేదు.

మరునాడు పొద్దున్నే బస్సెక్కి కృష్ణగిరి పోయాను. వీధి మొగలో పూలదండ కనిపిస్తుందేమో అని కూడా చూశాను, అబద్ధం ఎందుకు. మామ తిన్నె మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అత్త మజ్జిగ తెచ్చి ఇచ్చి, నా మొహం చూడకుండా లోపలికి పోయింది.

“నిన్న యాడికి పోయినావురా?” అన్నాడు మామ.

“యాడికేంది మామా! తోపు మీదికి వచ్చినాను గదా.”

“ఏ తోపు?”

నోట్లో మజ్జిగ అక్కడే ఆగింది.

“పొద్దున నుంచి కాచుకోనుండాం. పంచె పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టినాను. మండీ హమాలీలు వచ్చిరి, పక్కంగడోళ్ళు వచ్చిరి, మీ అత్త అందురికీ ఉప్మా చేసి తెచ్చె. విమానం వచ్చె. ఆ చెరువు కట్ట పక్క గద్ద మాదిరి తిరిగె, పోయె. మా పంచె పక్కకు తొంగి గూడా చూళ్ళేదు.”

“అది నేనే మామా!”

“నువ్వా? అది గవర్నమెంటు విమానంరా. చెరువులో నీళ్ళెంతుండాయో కొలిచేదానికి వచ్చిందంట, పక్కంగడాయన చెప్పె. అంత నున్నగా తిరిగింది, ప్రైవేటోడు తిరుగుతాడా అట్ల?”

నా జీవితంలో నాకు దక్కిన అతి గొప్ప మెచ్చుకోలు అది. కానీ అది వేరే ఎవరి ఖాతాలోనో పడింది. బొగ్గుముక్క తీసుకుని తిన్నె గచ్చు మీద హోసూరు గీశాను, కృష్ణగిరి గీశాను, గాలి గీశాను. పడమటి గాలికని వీసం ఇటు తిప్పానని, హోసూరు దాటగానే గాలి పడిపోయి ఉంటుందని, అందుకని ఆ వీసం వీసమే మిగిలిపోయి, ముప్పై మైళ్ళకు రెండు మైళ్ళు పక్కకు చేరానని నిలబడి వాదించాను. మామ అంతా విని, “తూకం తప్పితే తక్కెడను తిట్టే కూలోని మాదిరి, గాలి మీద నేరం వేస్తావేమిరా?” అన్నాడు.

“లెక్క తప్పలేదు మామా. గాలే మాట తప్పింది.”

“మాటంటే నాకు గుర్తొచ్చె. చెయ్యి కలిపి ఇచ్చిన మాట నీదీ ఉండాది. పంచె మీద తిరగలేదు. చొక్కా తీసి తగిలించు. మూటలు వచ్చుండాయి.”

లోపలి గదిలో తక్కెడ గొలుసు గాలికి కదిలి చిన్నగా మోగింది. ఆ మోత వింటే నలభై నాలుగేళ్ళు ఒక్కసారిగా నా మీద కూర్చున్నట్టయింది. అయినా నేను చొక్కా తీయలేదు. “సంతకం పెట్టకపోయినా పోతాను మామా. ఈదుకుంటా అయినా పోతాను. నా విద్య నేను నేర్చుకునింది, దాన్ని ఇంకొకరు చెరపలేరు,” అన్నాను. మజ్జిగ లోటా ఠంగుమని కింద పెట్టాను. (చేయి జారిందని అప్పట్లో అందరికీ చెప్పాను.)

సరిగ్గా అప్పుడే వీధిలోంచి ఒక కేక వినిపించింది. “సెట్టప్పా! ఓ సెట్టప్పా! ఇంట్లో ఉండావా, లేకుంటే నిన్ను గూడా విమానం తరుముకొనిపోయెనా?”

మా మామ ఇంటి బట్టలుతికే అవ్వ. మామను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి కాబట్టి ఆమెకు ఆ ఇంట్లో ఎదురు లేదు. బట్టల మూట దింపి, అందులోంచి ఒక తెల్ల పంచె లాగి మామ ముందు పరిచింది. నడిమధ్యలో గాడిద డెక్క అంత చిరుగు.

“ఏమవ్వా ఇది?” అన్నాడు మామ.

“నన్నడగతావా? నిన్న చెరువు బండల మీద ఊరి పంచెలన్నీ ఆరేసింటిని. యాడనుంచి వచ్చెనో, పసుపు రంగుది, బుర్రుమని నెత్తి మీద తిరిగె. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు! గాడిదలు రెండూ బెదిరి బట్టల మీదనే పరిగెత్తె. ఒకటి నీ పంచెలో కాలు దూర్చి, పంచె కట్టుకోనే పోయె పెండ్లికొడుకు మాదిరి. పోరా పాపిష్టోడా అని నేను చెయ్యెత్తి తిడతా ఉంటే, వాడు నాకు చెయ్యి ఊపుతాడప్పా! ఈ వయసులో నాకు! కడకు రెక్కలు ఇట్ల ఇట్ల అని ఆడించె,” అని రెండు చేతులూ చాచి, నడుము అటూ ఇటూ వంచి చూపించింది. నా గుర్తును ఆమె కంటే బాగా నేనే ఊపి ఉండను.

మామ ఆమె చేతుల వైపు చూశాడు, చిరుగు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను దొరికిన సందు వదల్లేదు.

“మామా, ఈ పంచె ఎవరిది?”

“నాదే.”

“ఎవరు పరిచింది?”

“అవ్వ.”

“పంచె మీద తిరగాల అంటివి. తిరిగినాను. నీ పంచె మీదే తిరిగినాను. నువ్వు పరిచిందే అయ్యుండాలని తువ్వాలు కింద మాట లేదు గదా.”

మామ నిజమైన వ్యాపారి. తన సొమ్ము పోయినా సహిస్తాడు కానీ బేరంలోని మాటను కాదనలేడు. ముందు మీసం కదిలింది, తర్వాత పొట్ట, తర్వాత తిన్నె మొత్తం. ఆకు వక్క ఉమ్మేసి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. “ఒసే, ఇనినావా? నా పంచె గాడిద కట్టుకోని పోయెనంట! మన ప్రైవేటోడు చేసిన పని!” అని లోపలికి కేక వేశాడు. ఆ రోజు ‘ప్రైవేటోడు’ అన్న మాటలో మొదటిసారి గింజ తగల్లేదు. మధ్యాహ్నం భోజనం కాగానే సంతకం పెట్టాడు. ఆ చిరుగు పంచె మడిచి నా చేతిలో పెట్టి, “ఇది నువ్వు గెలిచింది. తీసుకోని పో,” అన్నాడు.

“నా గాడిదకు గుండె కొట్టుకొంటా ఉండాది, దానికేమిస్తావురా?” అంది అవ్వ.

“తిరిగి వచ్చినాక విమానమెక్కిస్తానవ్వా.”

“నన్నా, గాడిదనా?”

ఇంగ్లండు చేరాక తెలిసిందేమిటంటే, అక్కడ నా పేరు మారిపోయింది. నా కాగితాల కట్ట మీద పెద్ద అక్షరాలతో ‘ఫారిన్ ప్రైవేటు’ అని ఉంది. మా హోసూరులో ఫారిన్ అంటే ఫారిన్ వాచీ, ఫారిన్ సెంటు, చేతికి దొరికితే బీరువాలో దాచుకునే సరుకు. అందుకని ఆ మాట అమ్మకు ఉత్తరంలో రాస్తే, ఆమె వీధంతా తిరిగి, ‘మావోని లైసెన్సు ఫారిన్‌దంట, దొరలే అంటా ఉండారు’ అని చెప్పుకుందట. టీ అంగడాయన కూడా నోరు మూసుకున్నాడట. ఆమెకు నేను రాయనిది ఒకటుంది. అక్కడి వాళ్ళ నోట్లో ‘ఫారిన్’ అంటే మావాళ్ళ నోట్లో ‘ప్రైవేటు’ లాంటిదే. అదే గొంతు తగ్గింపు, అదే చూపు. అంటే ఆ కట్ట మీద నన్ను రెండు భాషల్లో ఒకేసారి తక్కువ చేశారన్నమాట.

నా గంటలు చెల్లుతాయా లేదా అని తేల్చాల్సిన దొర ఎప్పుడూ నోట్లో పైపు పెట్టుకుని ఉండేవాడు. అది వెలిగేది కాదు, ఊరికే కొరకడానికి. ఒక మబ్బు పట్టిన ఉదయం నన్ను ముందు కూర్చోబెట్టి, పటం మీద ఒక చర్చి చూపించి అక్కడికి తీసుకుపొమ్మన్నాడు. కింద చూస్తే ఎర్ర మట్టి లేదు, గుండ్లు లేవు, ఎక్కడ చూసినా ఒకే పచ్చరంగు, గీతలు గీసిన పలక లాగా. ఆ గంటలు చెల్లకపోతే చేను అమ్మిన సొమ్ము సగం దారిలోనే అయిపోతుంది, నేను తిరిగి తక్కెడ దగ్గరికే. కళ్ళు చెదురుతున్నాయి. అప్పుడు పెదవులు కదుపుతూ వీసాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను, మండీలో లాగే, తెలుగులోనే.

“ఏమిటా గొణుగుడు?” అన్నాడు వెనక నుంచి దొర, మాటలు చేరవేసే గొట్టంలోంచి.

“ప్రైవేటు, సార్,” అన్నాను.

నేను వినయంగానే అన్నాను. లెక్క నా సొంతది, ప్రైవేటుగా నేర్చింది అని నా ఉద్దేశం. కానీ ఇంగ్లీషులో ఆ మాటకు ‘నీకెందుకు, అది నా సొంత సంగతి’ అని కూడా అర్థం ఉందని నోరు జారాకే గుర్తొచ్చింది. వెనక్కి తీసుకుందామా అనుకున్నాను. తీసుకోలేదు. ఆలోచిస్తే రెండర్థాలూ నాకు సరిగ్గానే సరిపోయాయి.

వేళకు కింద చూస్తే చర్చి లేదు. ఒక పచ్చిక బయలు, దాని మీద ముప్పై నలభై తెల్లటి మచ్చలు. నాకు కృష్ణగిరి చెరువు గుర్తొచ్చింది. మళ్ళీ పంచెలేనా! కాదు, గొర్రెలు. ఈసారి చుట్టు తిరగలేదు, చేయి ఊపలేదు. ఒకసారి తెలివి వచ్చింది చాలు. గాలి పడిపోయింది, కాబట్టి నేను ముందే పెట్టుకున్న వీసం మిగిలిపోయింది. మిగిలింది ఏ పక్కకో నాకు తెలుసు. “చర్చి వీసం కుడిపక్క ఉంది సార్,” అని విమానం తిప్పాను. వీసాన్ని ఇంగ్లీషు చేయాలని తోచలేదు. కాసేపటికి మబ్బు కింద నుంచి చర్చి గోపురం కొన ముక్కుకు ఎదురుగా పైకి లేచింది. దిగాక దొర పైపు తీసి, “ఆ వీసమంటే ఏమిటి?” అని అడిగాడు. చింతపండు తూకం దగ్గర మొదలుపెట్టి చెప్పాను. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు కానీ, నా గంటలన్నీ చెల్లుతాయని రాసి, కింద ‘గొణుగుతాడు, గొణగనివ్వాలి’ అని కూడా రాశాడు.

పై లైసెన్సుతో తిరిగి వచ్చినప్పుడు మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “కాగితమేనా? ఇత్తళిది యాడరా?” అన్నాడు. కొన్నేళ్ళు పంటల మీద మందు చల్లే విమానాలు నడిపాను. అవ్వను ఎక్కిస్తానన్నాను కానీ ఆమె రానంది. ‘నువ్వు నా బండల మీద తిరగకుండా ఉంటే అదే పదివేలు’ అంది. తర్వాత ఒక చెవి సరిగా వినపడక, డాక్టర్లు నన్ను నేల మీదే ఉండమన్నారు. చిత్రమేమిటంటే అప్పటికి నాకు సరిగ్గా నలభై నాలుగేళ్ళు. లెక్క తప్పలేదు. మధ్యలో ఏం జరుగుతుందో మాత్రం ఆ లెక్కలో లేదు, అంతే.

ఇప్పుడు హోసూరులో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. వీధిలో అందరూ దాన్ని ఏమంటారో చెప్పాలా? ‘ఆయన ప్రైవేటు చెబుతాడప్పా’ అంటారు. ప్రైవేటుగా కట్టి, ప్రైవేటుగా ఎగిరి, కడకు ప్రైవేటు చెప్పుకుంటున్న మనిషిని నేను. ఆ మాట వేరేవాళ్ళ నోట్లో ఎట్లా ఉన్నా, నా నోట్లో మాత్రం సొంతం అనే ఉంటుంది. ఎవరైనా గొంతు తగ్గించి అంటే, నేను గొంతు పెంచి అంటాను.

మామ ఇచ్చిన పంచె ఇంకా ఉంది. గుడ్డ మెత్తబడింది కానీ గాడిద డెక్క చిరుగు చెక్కుచెదరలేదు. ఉతికినప్పుడల్లా మిద్దె మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెడతాను. బెంగుళూరు పోయే విమానాలు కొన్ని మా మీదుగానే పోతాయి. చప్పుడు కుడిచెవికే వినిపిస్తుంది కాబట్టి ఎటునుంచి వస్తోందో తెలియక, మెడ తిప్పి ఆకాశమంతా వెతుక్కుంటాను. మొన్న మా ఆవిడ మెట్ల మీద నిలబడి చాలాసేపు చూసి, “ఆ చినిగిన గుడ్డకు రాళ్ళెందుకండీ? ఎవరు దిగి వస్తారని?” అంది.

“ఏమో,” అన్నాను. “వీసం తేడాతో నేనే రావచ్చు.”